శంకరవ్వ లొట్టి

1954 జనవరి 9

ఆఫీసు రిపోర్టు ఇంగ్లీషులో రాస్తాను. మేనేజరు సాబుకు చీటీ ఉర్దూలో రాస్తాను. ఇది ఒక్కటే తెలుగులో, ఎందుకంటే దీన్ని నేను తప్ప ఎవరూ చదవరు. కోపం కాగితం మీద ఖర్చు పెడితే మనుషుల మీద తక్కువ పడుతుందని బాలలక్ష్మి సలహా. పెళ్ళయి ఆరేళ్ళయింది, ఆమె సలహాలు ఆగలేదు, నా కోపమూ ఆగలేదు.

హైదరాబాదు నుంచి ఉత్తరం వచ్చింది. టన్ను ఎండు ఇప్పపువ్వుకు డెబ్బై అయిదు గ్యాలన్ల పవర్ ఆల్కహాల్, అంటే పెట్రోలులో కలిపేది, తీయాలట. మాకు యాభై ఎనిమిది దాటడం లేదు. మార్చి ఆఖరులోగా తీసి చూపించకపోతే ఇప్పపువ్వు సెక్షన్ మూత. నలభై రెండు మంది పనివాళ్ళు. అది ఒక లెక్క. ఏప్రిల్‌లో ఉట్నూరు అడవుల్లోంచి పువ్వు బండ్లు వస్తాయి. ఏరి, ఎండబెట్టి, గంపలకెత్తిన ఆడవాళ్ళు ఆ బండ్ల వెనక నడిచి వస్తారు. వాళ్ళను గేటు దగ్గరినుంచే వెనక్కి పంపాలి.

మేనేజరు సాబు నవ్వుతూనే చెప్పాడు. "ఫికర్ చెయ్యకు లక్ష్మీరాజం. బీఎస్సీ చదివినోనివి, నీకు ఏడనన్న నౌకరీ దొరుకుతది."

"భూమన్నకు సాబ్?" అన్నాను. ఆయన చాయ్ తెమ్మన్నాడు.

జనవరి 12

భూమన్న మా తొట్ల మేస్త్రి. పువ్వు నానబెట్టిన తీపి నీళ్ళు తొట్లలో పోసి, ఈస్టు కలిపి, పులిసేదాకా కాపు కాసేది అతనే. మా దగ్గర ఈస్టును ఎవరూ ఈస్టు అనరు, తోడు అంటారు. పెరుగులో వేసినట్టే.

ఇవాళ రెండో తొట్టి సరిగా కడగలేదని అతన్ని నిలబెట్టి చెప్పాను. శుభ్రం లేని చోట ఈస్టు బతకదు, చెడ్డ పురుగు చేరుతుంది, పులుపెక్కుతుంది. నాలుగేళ్ళుగా చెబుతున్నదే. అంతా విని భూమన్న అన్నాడు, "సారూ, ఓ మాటంటె కోపం జెయ్యరు గద?"

"చెయ్య. చెప్పు."

"మన తొట్టి పులవనీకి నాలుగొద్దులు పడ్తది. మా ఊళ్ళె సిద్దిరాములు పొద్దుగూకంగ ఈతచెట్టుకు లొట్టి కడితె తెల్లారెటాల్లకు నురుగు కక్కుతది. గా లొట్టిని ఆయన ఎన్నడు నీళ్ళతోని కడగలే."

కోపం చేశాను. కల్లు గీసేవాడి కడగని కుండ నాకు పాఠమా?

జనవరి 13

అయినా ఒక చిన్న సీసాలో తెప్పించాను.

సూక్ష్మదర్శిని కింద ఈస్టు ఎలా ఉంటుందో నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. గుండ్రంగా, లావుగా, కదలకుండా ఉంటుంది. ఈ కల్లు చుక్కలో అది కొంచెమే ఉంది. మిగతాదంతా పొట్టి కడ్డీలు, జంటజంటలుగా, జాతరలో తప్పిపోయినట్టు అటూ ఇటూ ఉరుకుతున్నాయి. బాక్టీరియా! నేను చదువుకున్న చదువులో బాక్టీరియా అంటే దొంగ. కల్లును వెనిగరు చేసేది అదే. కానీ ఈ కల్లు పుల్లగా లేదు.

మెక్సికోలో కలబంద లాంటి మొక్క కల్లులో ఇలాంటిదాన్ని ఒక జర్మన్ చూశాడని కాలేజీలో ఎక్కడో చదివిన గుర్తు. అప్పుడు పరీక్షకు రాదని పేజీ తిప్పేశాను.

జనవరి 16

రెండు గాజు కుప్పెల్లో ఒకే ఇప్పపువ్వు నీళ్ళు పోశాను. ఒకదానికి మా ఈస్టు, రెండోదానికి సిద్దిరాములు కల్లు. ఈస్టు కుప్పె ఇంకా బద్ధకంగా బుడగలు వదులుతోంది. కల్లు కుప్పె ముప్ఫై గంటల్లో పని ముగించి ఊరుకుంది. బట్టీ పెట్టి చూస్తే, టన్నుకు లెక్క కడితే డెబ్బై తొమ్మిది!

మూడుసార్లు కొలిచాను. డెబ్బై తొమ్మిదే. బాలలక్ష్మికి చెప్తే, "అయితె గింత దాన్క భూమన్న మాట ఇనకపోతివి" అంది. ఆమెకు సైన్సు తెలియదు.

జనవరి 19

తోడు పెంచే చిన్న తొట్టికి, అదే తోడు తొట్టికి, సరిపడా కల్లు కావాలని, తొట్ల కెమిస్టు సారు అడిగాడని చెప్పమని, సిద్దిరాములుకు కబురు పెట్టాను. అతను స్వయంగా మోసుకొచ్చి గేటు దగ్గర ఇచ్చి వెళ్ళాడట. నేను చూడలేదు, ల్యాబులో ఉన్నాను.

జనవరి 22

లేవలేదు. తొట్టిలో ఒక్క బుడగ లేదు.

జనవరి 26

మళ్ళీ తెప్పించాం. మళ్ళీ లేవలేదు. తీపి తీపిగానే ఉంది.

ఫిబ్రవరి 1

మూడోసారి. అదే కథ. సూక్ష్మదర్శిని కింద ఆ కడ్డీలు ఒకటీ అరా, అవీ కదలకుండా పడి ఉన్నాయి. ఎవరో దారిలో నీళ్ళో మందో కలుపుతున్నారు. ఎవరో ఏమిటి, గేటు నుంచి తొట్టిదాకా తెచ్చేది భూమన్న మనుషులే. తన మాట నిజమైతే సారు గొప్పవాడైపోతాడని ఏడుపేమో. భూమన్నతో గట్టిగా చెప్పాను. తిట్టలేదు, గట్టిగా చెప్పాను.

ఫిబ్రవరి 2

తిట్టాను. అందరి ముందూ.

ఫిబ్రవరి 4

భూమన్న పనికి వచ్చాడు. నాతో మాట్లాడలేదు. సాయంత్రం వెళ్ళేముందు మాత్రం వచ్చి, "సారూ, రేపు పొద్దుగాల నాతోని ఈతవనానికి రాండ్రి. మీ కండ్లతోని మీరే చూడుండ్రి" అన్నాడు. తప్పు చేసినవాడు ఇలా పిలవడు. ఆ సంగతి నాకు రెండు రోజుల క్రితం తట్టి ఉంటే బాగుండేది.

ఫిబ్రవరి 5

తెల్లవారుజామున వెళ్ళాం. చలి. సిద్దిరాములు చెట్టు మీద ఉన్నాడు. నలభై అయిదేళ్ళుంటాయి. మమ్మల్ని చూసి సరసరా దిగి, మోకు భుజాన వేసుకొని చేతులు జోడించాడు.

"ఫ్యాక్టరీకి పంపిన లొట్టేది?" అని అడిగాను. చూపించాడు. అన్ని లొట్లూ నల్లగా, పాతగా ఉన్నాయి. నా లొట్టి ఎర్రగా కొత్తది, కుమ్మరి ఇంటినుంచి అప్పుడే దిగినట్టుంది. లోపల వేలు పెట్టి చూశాను. వేలికి తెల్లగా అంటింది.

"ఇదేంది?"

"సున్నం సారూ. సున్నం పూస్తె కల్లు పులవది, తియ్యగుంటది. సుట్టాలకు, కడుపుతోనున్నోళ్ళకు, పెద్దపెద్ద సార్లకు గట్లనే పంపుతం. మీ అసొంటోళ్ళకు పాత లొట్టి కల్లు పంపితె మాకు మర్యాద గాదు."

మొదటి చిన్న సీసా భూమన్న అడిగి తెచ్చింది. భూమన్న కోసం కాబట్టి పాత లొట్టిలోంచి ఇచ్చాడు. సారు అడిగాడని తెలిసిన రోజునుంచి మర్యాద మొదలైంది. మూడుసార్లు కొత్త లొట్టి, మూడుసార్లు సున్నం. నా పురుగులను గౌరవంతో చంపాడు మహానుభావుడు.

నవ్వొచ్చింది. భూమన్న నవ్వలేదు. అతని వైపు తిరిగి, "నాదే తప్పు భూమన్నా. అందరి ముందట తిట్టిన, అందరి ముందటనే చెప్త" అన్నాను. చెప్పాను కూడా, పది గంటల షిఫ్టులో, తొట్ల మధ్య నిలబడి. అతను తల గోక్కొని, "గిప్పుడెందుకు సారూ, పని జూద్దాం" అన్నాడు. ఇలాంటి మనిషి నా కింద పనిచేయడం నా అదృష్టం. ఇది అతనితో అనలేదు, ఇక్కడ రాస్తున్నాను.

ఫిబ్రవరి 6

పాత లొట్టి అడిగితే సిద్దిరాములు ఇబ్బంది పడ్డాడు. "లొట్టి నాది గాదు సారూ, మా అవ్వది. అవ్వనడగాలె."

వాళ్ళ అమ్మ పేరు శంకరవ్వ. నడుము వంగింది, నోరు వంగలేదు. వాకిట్లో నులక మంచం మీద కూర్చోబెట్టి నన్ను విచారించింది.

"మా ఇంటి మడ్డి గడప దాటది బిడ్డా. లొట్టి అడుగున మిగిలిన గా మడ్డితోనే మర్నాటి కల్లు పొంగుతది. లగ్గం జేసి పంపిన బిడ్డకు సుత ఇయ్యలే. మా అత్త నాకిచ్చింది, నేను కోడలికిస్త. గంతే. నీకెందుకు?"

"బస్సులు నడువనీకి అవ్వా."

"బస్సులు కల్లు తాగుతయా?"

"కల్లు కాదు. కల్లుల ఉన్న పురుగుతోని ఇప్పపువ్వు నీళ్ళు పులియబెడ్తం. బట్టీ పెట్టినంక వచ్చినదాన్ని పెట్రోలుల కలుపుతరు."

"అంటె ఇప్పసారా."

"అసొంటిదే అవ్వా."

"తాగిన బస్సు రోడ్డు మీద సక్కగ పోతదారా?"

సిద్దిరాములు నవ్వు ఆపుకోలేక దొడ్లోకి పోయాడు. నేను ఉత్తరం సంగతి చెప్పాను. సెక్షన్ మూస్తే నలభై రెండు మంది అని చెప్పాను. ఆమె వాళ్ళ సంగతి అడగలేదు. "పువ్వేరెటోళ్ళు యాడ అమ్ముకుంటరు మరి?" అంది. నాకు తెలియదన్నాను.

లేచి లోపలికి పోయి ఒక నల్లటి లొట్టి తెచ్చింది. దాని మెడకు జాజు ఎర్రమట్టితో గీత గీసింది. "గియ్యాల్టి సంది గిది మాది గాదు, నీది. చెట్టుకు సిద్దిరాములే కడ్తడు, నీకు అక్కెరున్నప్పుడు దించుకపో. నీళ్ళతోని మాత్రం కడగకు కొడుకా, నీ సదువు దాని మీద చూపియ్యకు."

చేతుల్లో పెట్టింది. దండం పెట్టాను, అంతే.

ఫిబ్రవరి 13

మొదటి పెద్ద తొట్టి ముప్ఫై ఎనిమిది గంటల్లో పులిసింది. ఆ నురుగు చూడటానికి పనివాళ్ళంతా షెడ్డులో చేరారు. డెబ్బై నాలుగు. ఒక్క గ్యాలను తక్కువ. తొట్టి కడగొద్దని నేనే చెప్పాను, నా నోటితో. చేతులు దురద పెడుతున్నాయి.

ఫిబ్రవరి 25

డెబ్బై ఆరు. మేనేజరు సాబు నా భుజం తట్టి, "కమాల్ చేసినవ్" అన్నాడు. మార్చి 29న హైదరాబాదు నుంచి ఆఫీసర్లు వచ్చి వాళ్ళ ముందే ఒక తొట్టి దించి కొలుస్తారట.

ఇక ప్రతిసారీ లొట్టి తెప్పించాల్సిన పని లేదు. తోడు తొట్టిలోంచి కొంత తీసి పెద్ద తొట్టికి, కొంత మిగిల్చి మళ్ళీ పెంచితే సరి. సిద్దిరాములుకు శ్రమ తగ్గుతుంది.

మార్చి 8

శంకరవ్వ పోయిందని భూమన్న చెప్పాడు. నిన్న మధ్యాహ్నం, వాకిట్లో కూర్చున్నదే కూర్చున్నట్టు. రేపు వెళ్ళాలి.

మార్చి 10

మూడో తొట్టి డెబ్బై ఏడు. వెళ్ళడానికి వీలు పడలేదు.

మార్చి 14

బాలలక్ష్మి ఒక్కతే వెళ్ళి పలకరించి వచ్చింది. తోడు తొట్టిని వదిలి నేను ఎలా వెళ్తాను? శంకరవ్వ ఆత్మకు కూడా ఈ పనే ముఖ్యం.

మార్చి 19

సర్వనాశనం. నిన్న సామాను కోసం ఆదిలాబాదు వెళ్ళాను, భూమన్న చుట్టాల పెళ్ళికి భైంసా వెళ్ళాడు. ఆఫీసర్లు వస్తున్నారని షెడ్డంతా సున్నం వేశారు. గోడలకు, గట్లకు, అప్పటికి అన్నీ ఖాళీగానే ఉన్న తొట్ల లోపలికి, ఆఖరుకు తోడు తొట్టిలో ఉన్నది కాలువలో పారబోసి దానికి కూడా! తెల్లగా, పెళ్ళింటిలా మెరుస్తోంది. ఒక్క పురుగు మిగల్లేదు. తెలివితక్కువ దద్దమ్మలు. ఎవరు చెప్పారు వీళ్ళకు?

మార్చి 20, పొద్దున

నేనే చెప్పాను. పదిహేడున షిఫ్టు పిలిచి, "ఏడ గూడ మరక కనబడద్దు" అన్నాను. వాళ్ళు నా మాట అక్షరాలా విన్నారు. నాలుగేళ్ళనుంచి వినమన్నది నేనే.

నా దగ్గర కుప్పెలో కూడా కొంచెం దాచుకోలేదు. తొట్టి ఉందిగా అనుకున్నాను. ఇంకా తొమ్మిది రోజులు. సిద్దిరాములు దగ్గరికి వెళ్తున్నాను. ఏ ముఖంతో వెళ్తున్నానో నాకే తెలియదు.

మార్చి 20, మధ్యాహ్నం

వాళ్ళ ఇంటి వెనక పెంటకుప్ప పక్కన పెంకులు కనిపించాయి. మనిషి పోయిన ఇంట్లో దినాలనాడు పాత మట్టికుండలన్నీ మైలపడ్డట్టే, బయటపడేసి పగలగొట్టాలి. మా ఇళ్ళలోనూ అంతే, నాకు తెలియనిదేం కాదు. మొన్ననే దినాలు అయ్యాయి. కుండలు, గురుగులు, నల్లటి లొట్లు, అన్నీ ముక్కలు. శంకరవ్వ అత్తనాటి మడ్డి ఎండకు పెంకుల మీద పొరకట్టి ఉంది.

నేను రాలేకపోయానని సిద్దిరాములుతో ఏదో చెప్పబోయాను. "ఫ్యాక్టరీల పని ఉంటది సారూ" అన్నాడు, నాకంటే ముందు. తర్వాత జరిగింది చెప్పాను. తోడు పోయిందని, సున్నం వేశారని, నేనే వేయించానని.

అతను మోకు తీసుకొని ఈతవనానికి నడిచాడు. వెనకే వెళ్ళాను. చెట్టెక్కి ఒక లొట్టి దించి నా ముందు పెట్టాడు. మెడకు ఎర్ర గీత.

"అవ్వ పొయ్యేకంటె రెండొద్దుల ముందు చెప్పింది సారూ. నేను పోతె మన లొట్లన్ని పలగ్గొట్టుండ్రి, జాజు గీత లొట్టి జోలికి పోకుండ్రి, అది సారుది, మన మైల దానికంటది అన్నది. కులపోళ్ళు గులిగిండ్రు. అవ్వ మాటని చెప్పిన."

నేను అక్కడే చెట్టు మొదట్లో కూర్చుండిపోయాను. ఏడ్చానని రాయడానికి సిగ్గెందుకు, ఏడ్చాను. ఒక ముసలమ్మ చావు దగ్గరికొచ్చి కూడా నా తొట్ల గురించి ఆలోచించింది. నేను ఆమె చావుకు వెళ్ళడానికి వీలు లేదనుకున్నాను.

మార్చి 23

తొట్లు గీకించి, వేడినీళ్ళతో ఆరుసార్లు కడిగించాను. సున్నం కదా, ఈసారి కడగాల్సిందే. సిద్దిరాములు రోజూ పొద్దున జాజు లొట్టి దించి పంపుతున్నాడు. తోడు తొట్టి బుడగలు మొదలుపెట్టింది. భూమన్న దాని పక్కనే చాప వేసుకున్నాడు. ల్యాబులో నాలుగు కుప్పెల్లో దాచాను. ఒకటి బాలలక్ష్మి వంటింట్లో పెట్టింది, ఎందుకైనా మంచిదని.

మార్చి 29

డెబ్బై ఎనిమిది. ఆఫీసర్ల ముందు, వాళ్ళ కొలతతో, వాళ్ళ చేత్తో. భూమన్న నా చెయ్యి పట్టుకొని చాలాసేపు వదల్లేదు.

మార్చి 30

రిపోర్టు పంపాను. 'కల్చర్ మూలం' అన్న గడిలో 'ఫ్యాక్టరీ ప్రయోగశాల' అని రాశాను. ఆ గడి చిన్నది, అంతకంటే ఎక్కువ పట్టదు.

ఏప్రిల్ 5

ఉత్తరం వచ్చింది. సెక్షన్ నడుస్తుంది. నా పేరు మెచ్చుకుంటూ రాశారు. బాలలక్ష్మి చదివించుకొని, "నీ పేరొక్కటే ఉందా?" అంది. ఉత్తరం నాకు రాశారు కాబట్టి నా పేరే ఉంటుంది.

ఏప్రిల్ 9

ఉట్నూరు వైపునుంచి మొదటి పువ్వు బండ్లు వచ్చాయి. గేటు తెరిచే ఉంది. షెడ్డంతా ఆ మత్తు వాసన. నేనే వెళ్ళి తూకం దగ్గర నిలబడ్డాను. వాళ్ళకు ఏ సంగతీ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

ఏప్రిల్ 11

ఇవాళ సిద్దిరాములు గేటు దగ్గరికి వచ్చాడు. చేతిలో ఖాళీ చెంబు. నాకు కబురు చెప్పమనకుండా రెండు గంటలు నిలబడ్డాడట. భూమన్న చూసి లోపలికి తెచ్చాడు.

"సారూ, జర మడ్డి ఇప్పిస్తరా? ఓ చెంబెడు సాలు. కారింది కారినట్టె ఉంటుంది, కొత్త లొట్లల్ల కల్లు పొంగుత లేదు."

అర్థం కాలేదు. భూమన్న చెప్పాడు, "నెల కావస్తుంది సారూ, ఆయన కల్లు ఎవ్వలు ముడుత లేరు. పలసగ, సప్పగుంటుందని అందరు పక్కూరికి పోతుండ్రు."

"మరి జాజు లొట్టి నువ్వే రోజు దించి పంపుతున్నవు గద సిద్దిరాములు. దాంట్లకెల్లి కొంచెం నీ లొట్లల్ల పోసుకోక పోయినవా?"

అతను నా వైపు వింతగా చూశాడు, తెలియని పిల్లవాడిని చూసినట్టు.

"అవ్వ మీకిచ్చింది గద సారూ. అడగకుంట ఎట్ల తీస్కుంట?"

ఇరవై రెండు రోజులు. వాళ్ళ అత్తలనాటి మడ్డిని రోజూ తన చేత్తో చెట్టుమీంచి దించి, నాకు పంపి, దాని పక్క చెట్టుకు చప్పటి కల్లు కట్టుకున్నాడు. అడగడానికి కూడా ఇన్నాళ్ళు మొహమాటపడ్డాడు.

అడగకుండా తీసుకున్నవాణ్ణి నేను. ఆ గడి చిన్నదేం కాదు. శంకరవ్వ అని రాస్తే పట్టేది.

ఏప్రిల్ 12

ఈతకాలం అయిపోవచ్చింది, సిద్దిరాములు లొట్లు తాటిచెట్లకు మార్చాడు. చెంబు కాదు, జాజు లొట్టినే తీసుకొని పొద్దున్నే వెళ్ళాను. మళ్ళీ మీదేనన్నాను. ఒప్పుకోలేదు. "ఇచ్చింది ఇచ్చినట్టె ఉండాలె. మీరే పొయ్యుండ్రి, మీ చేతితోని" అన్నాడు. ఏడు కొత్త లొట్లలో తలా కొంచెం పోశాను. కొంత కింద ఒలికింది. అతని పెళ్ళాం, "భూమి గూడ జర తాగనియ్యి సారూ" అంది.

తర్వాత అడిగాను. "సిద్దిరాములు, హైదరాబాదుకు ఇంకో ఉత్తరం రాస్త. గా తోడు నా ల్యాబుల పుట్టలే, మీ అవ్వ ఇచ్చిందని. రాయనా?"

అతను జాజు లొట్టిని చెట్టు నీడకు జరిపాడు. "ఇంగ్లీషుల అవ్వ పేరు ఎట్లుంటది సారూ?"

జేబులోని కాగితం తీసి, శంకరవ్వ అని ఇంగ్లీషులో రాసి చూపించాను. రెండు చేతులతో పట్టుకున్నాడు. చదవడం రాదు. మొదటి అక్షరం నుంచి ఆఖరు అక్షరం దాకా వేలితో మెల్లగా పాకించాడు.

"గింత పొడుగుంటదా మా అవ్వ పేరు?" అన్నాడు.

రాయమన్నాడు. ఆ కాగితం అతనికే వదిలేసి వచ్చి, ఉత్తరం ఇంకో కాగితం మీద రాశాను.